కంప్యూటర్ సాలిటైర్‌లో ఓటమి ఎవరి ఖాతాలో వేయాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనంతలో మళ్లీ చెబుతాను. పదవీ విరమణ చేసిన మీ నాన్నగారు రోజూ కంప్యూటర్‌లో సాలిటైర్ ఆడతారు, కట్టలోంచి మూడేసి ముక్కలు తిప్పే పద్ధతిలో. పది ఆటల్లో ఒకటో రెండో గెలుస్తారు. మిగతా ఎనిమిది సార్లూ "ఇది కావాలనే అడ్డదిడ్డంగా పంచుతోంది" అని కంప్యూటర్‌ను తిడతారు. అది నిజమా, కాకపోతే ఆయన ఆట ఎక్కడ బాగుపడాలి, వేరే ఆట ఏదైనా నేర్పాలా, ఫోన్‌లో డబ్బు గెలుచుకోమని ఊరించే సాలిటైర్ ప్రకటనలను నమ్మవచ్చా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. కంప్యూటర్ మోసం చేయడం లేదు. అలాగని ప్రతి ఓటమీ మీ నాన్నగారి తప్పు కూడా కాదు. మూడేసి ముక్కల ఆటలో పదికి ఒకటి రెండు గెలవడం మామూలే, అందులో చిన్నబుచ్చుకోవలసింది ఏమీ లేదు. ఇంకొంచెం జాగ్రత్తగా ఆడితే ఆ లెక్క తప్పకుండా పెరుగుతుంది. నా సలహా అడిగితే మాత్రం, ఆయనకు కొన్నాళ్లు ఫ్రీసెల్ నేర్పండి, ఆ తర్వాత మళ్లీ తన పాత ఆటకు రానివ్వండి. ఎందుకో చెప్పాలంటే కాస్త వివరంగా వెళ్లాలి.

నేను చాలా ఏళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పినవాణ్ణి. మౌస్ పట్టుకోవడం రాని వాళ్లకు మొదటి రోజు ఈ ఆటే తెరిచి ఇచ్చేవాళ్లం. విండోస్ 3.0తో 1990లో ఇది వచ్చినప్పటి నుంచీ దాని ప్రయోజనాల్లో అదొకటి. ముక్కను నొక్కి పట్టుకుని, లాగి, ఇంకో ముక్క మీద వదలాలి. రెండు గంటలు ఆడితే చెయ్యి దానంతటదే అలవాటు పడుతుంది. దాన్ని రాసింది వెస్ చెర్రీ, అప్పటికి మైక్రోసాఫ్ట్‌లో ఇంటర్న్‌గా ఉన్న కుర్రవాడు. ముక్కల బొమ్మలు గీసింది సూసన్ కేర్. మనం మామూలుగా సాలిటైర్ అని పిలిచే ఈ ఆట అసలు పేరు క్లోండైక్. సాలిటైర్ అంటే ఒంటరిగా ఆడే పేకాటలన్నిటికీ కలిపి పెట్టిన పేరు. ఈ జవాబులో అయోమయం లేకుండా ఉండటానికి మీ నాన్నగారి ఆటను క్లోండైక్ అనే రాస్తాను.

క్లోండైక్‌లో ఏడు నిలువు వరుసల్లో 28 ముక్కలు పడతాయి. వాటిలో పైన కనిపించేవి ఏడే, 21 బోర్లా ఉంటాయి. మిగిలిన 24 కట్టలో ఉంటాయి. వరుసల్లో ఎరుపు, నలుపు మార్చుకుంటూ పెద్దదాని మీద చిన్నది పేర్చుకుంటూ, ముక్కలన్నిటినీ పై నాలుగు గడుల్లోకి చేరిస్తే గెలిచినట్టు. బోర్లా ఉన్నవన్నీ తెలిసినట్టే అనుకుని, కంప్యూటర్ చేత దారులన్నీ వెతికించి పరిశోధకులు తీసిన లెక్క ప్రకారం, మూడేసి తిప్పే ఆటలో నూటికి సుమారు 82 పంపకాలకు గెలిచే దారి ఉంది. అది కూడా కట్టను ఎన్నిసార్లయినా తిప్పవచ్చు అన్న నియమం మీద. ఒక్కొక్కటే తిప్పే ఆటలో అది సుమారు 90. అంటే నూటికి పద్దెనిమిది ఆటలు దేవుడు దిగివచ్చి ఆడినా గెలవలేనివి. అవి పంపకం ఖాతాలో వేయండి.

మిగతా 82లోనూ దారి ఉండటం వేరు, అది మనకు కనిపించడం వేరు. 2004లో గణితవేత్త పెర్సీ డయాకోనిస్ మరో ముగ్గురితో కలిసి రాసిన పత్రంలో ఒక ముచ్చట ఉంది. గణితంలో చేయి తిరిగిన ఒక పెద్దమనిషి ముక్కలన్నీ తెరిచి పెట్టుకుని, ఒక్కో ఆటకు సగటున ఇరవై నిమిషాలు ఆలోచిస్తూ, 2,000 ఆటలు ఆడి ఫలితాలు రాసిపెట్టుకున్నాడు. గెలిచినవి నూటికి 36.6. అదే షరతుల మీద ఈ నలుగురూ రాసిన ప్రోగ్రాము నూటికి 70 దాకా గెలిచింది. అన్నీ కనిపిస్తుండగా, ఇరవై నిమిషాలు తల పట్టుకుని కూర్చున్న మనిషికే మూడోవంతు పైచిలుకు దక్కింది. ఏమీ కనిపించకుండా, కాఫీ చల్లారేలోపు ఆట ముగించే మీ నాన్నగారికి పదికి రెండు రావడంలో వింత ఏముంది?

అయితే అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్లోండైక్‌లో ఓటములు మూడు రకాలు. గెలవడానికే వీలులేని పంపకం ఒకటి. సరైన ఎత్తే వేసినా, కింద తేలిన ముక్క పనికిరాకపోవడం రెండోది. మనమే తప్పు ఎత్తు వేయడం మూడోది. మూడూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. ఇక కదిలే ముక్క లేదు, అంతే. ఏ ఓటమి ఏ రకమో తెలియనప్పుడు మనిషి నేర్చుకునేది ఏమీ ఉండదు, కంప్యూటర్‌ను తిట్టుకోవడం తప్ప.

మోసం సంగతి కూడా తేల్చేద్దాం. ముక్కలు కలపడానికి ప్రోగ్రాము ఒక సంఖ్యను తీసుకుని, దాని నుంచి లెక్క ప్రకారం మరికొన్ని సంఖ్యలు పుట్టించి, వాటి వరుసలో ముక్కలు పేరుస్తుంది. పంపకం పూర్తయ్యాక ఇంకేమీ మారదు. బోర్లా ఉన్న ముక్క ఏదో మీరు తిప్పకముందే నిర్ణయమైపోయి ఉంటుంది. మీరు వేసిన ఎత్తును చూసి కింది ముక్కను మార్చే ఏర్పాటు ఇందులో లేదు. ఆ మాటకొస్తే ఇప్పటి ప్రోగ్రాములు కొన్ని మీ పక్షమే వహిస్తాయి. విండోస్‌లో ఇప్పుడు వచ్చే మైక్రోసాఫ్ట్ సాలిటైర్ కలెక్షన్‌లో తేలిక, మధ్యస్థం, కష్టం అని స్థాయి ఎంచుకుంటే, గెలిచే దారి కనీసం ఒకటి ఉందని ముందే తేల్చిన పంపకాలే ఇస్తుంది. ఏ స్థాయీ ఎంచుకోకుండా యాదృచ్ఛికంగా ఆడితేనే ఆ హామీ ఉండదు. ఆయన ఆడుతున్నది ఏ పద్ధతో ఒకసారి చూడండి. ఆ ఒక్కటి మార్చినా తిట్లు కొంత తగ్గుతాయి.

ఇక ఆట ఎక్కడ బాగుపడాలి అన్నది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక రిటైర్డ్ రెవెన్యూ అధికారి ఉన్నారు. ఆయన ఆట పక్కన కూర్చుని చూస్తే, మీరు రాసిన లక్షణాలన్నీ కనిపిస్తాయి. కట్టలోంచి వచ్చిన ముక్క ఎక్కడైనా కూర్చుంటుందంటే చాలు, వెంటనే కూర్చోబెడతారు. ఆసు గడిలోకి వెళ్లే ముక్క కనిపిస్తే ఆగలేరు. (ఆసు నుంచి రాజు దాకా పేర్చే పై నాలుగు గడులను ఆసు గడులు అంటున్నాను.) ఆట మొదటి నిమిషంలో చకచకా సాగుతుంది, తర్వాత ఒక్కసారిగా బిగుసుకుపోతుంది. మీ నాన్నగారిదీ ఇదే తంతు అయితే ఈ కిందివి పనికొస్తాయి.

కట్టను మొదటిసారి ఏమీ తీయకుండా చివరిదాకా తిప్పి చూడండి. మూడేసి ముక్కల ఆటలో అసలు కిటుకంతా ఇందులో ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. కట్టలోని 24 ముక్కలకు మనసులో 1 నుంచి 24 దాకా నంబర్లు వేసుకోండి. మొదటి విడతలో పైన కనిపించేవి 3, 6, 9, 12, 15, 18, 21, 24. ఎనిమిదే. ఏమీ తీయకపోతే వందసార్లు తిప్పినా ఆ ఎనిమిదే వస్తాయి. ఇప్పుడు 3వ ముక్కను తీసి ఆడారనుకోండి. దాని కిందున్న 2 బయటపడుతుంది, ఈ విడత వరకు మిగతావి మారవు. కానీ వచ్చే విడతలో 4, 7, 10, 13, 16, 19, 22 పైకి వస్తాయి, చివర మిగిలిన రెండింటిలో 24 పైన ఉంటుంది. మీరు ఆశ పెట్టుకున్న 6, 9, 12 లోపలికి పోయాయి. అదే 3 బదులు 21 తీసి ఉంటే? 3 నుంచి 18 దాకా ఉన్నవి ఎక్కడివక్కడే ఉండేవి, 21 స్థానంలోకి 22 వచ్చేది.

అంటే కట్ట మొదట్లోంచి ఒక ముక్క తీస్తే దాని వెనకాల ఉన్నవన్నీ ఒక అడుగు జరుగుతాయి. చివర్లోంచి తీస్తే ముందున్నవి కదలవు. మొదట్లోంచి వరుసగా మూడు తీయగలిగితే మళ్లీ పాత వరుసే వస్తుంది. వీటిలో ఏది మంచిది అంటే, మీకు కావలసిన ముక్క ఎక్కడుందో దాన్ని బట్టి. కళావరు ఆసు 7వ స్థానంలో ఉందనుకుందాం. 9, 8 రెండింటినీ ఆడేయగలిగితే 7 అక్కడికక్కడే బయటపడుతుంది. లేదంటే దానికి ముందున్న 3నో 6నో తీసి వచ్చే విడత దాకా ఆగాలి. రెవెన్యూ అధికారిగారికి ఇది చెప్పినప్పుడు ఒక కాగితం తీసుకుని ఇరవై నాలుగు గళ్లు గీసి ముక్కల పేర్లు రాసుకోవడం మొదలుపెట్టారు. అంత అవసరం లేదు. ఆసులు, రెండ్లు ఎక్కడున్నాయో, ఇప్పుడు వరుసలను కదల్చగల ముక్క ఏదో గుర్తుంటే చాలు.

పాతకాలపు విండోస్ సాలిటైర్‌లో ఒక దొంగదారి ఉండేది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కి పట్టుకుని కట్ట మీద నొక్కితే మూడు బదులు ఒక్క ముక్కే తిరిగేది. మా దగ్గర నేర్చుకున్న పిల్లలు వర్డ్‌లో ఒక్క షార్ట్‌కట్ గుర్తుపెట్టుకోకపోయినా ఇది మాత్రం మరిచిపోయేవాళ్లు కాదు.

పెద్ద వరుసను ముందు తవ్వండి. ఇస్పేటు 6 మీద వేయడానికి రెండు ముక్కలు ఉన్నాయనుకోండి, ఏడో వరుసలో ఆఠీను 5, మూడో వరుసలో డైమను 5. ఏడో వరుస కింద ఆరు బోర్లా ముక్కలు ఉన్నాయి, మూడో దాని కింద రెండే. మనసు మూడో వరుస వైపే లాగుతుంది, త్వరగా ఖాళీ అవుతుందని. కానీ మిమ్మల్ని ఓడించేది ఏడో వరుస అడుగున ఇరుక్కున్న ముక్కలే. ఆఠీను 5 కదపండి. రెండు ఎత్తులూ సమానంగా కనిపించినప్పుడు ఏది బోర్లా ముక్కను తిప్పుతుందో అదే వేయండి. కట్టలోంచి తెచ్చి కూర్చోబెట్టే ఎత్తు ఎప్పుడూ దాని తర్వాతే.

చేతిలో రాజు లేకుండా వరుసను ఖాళీ చేయకండి. క్లోండైక్‌లో ఖాళీ వరుసలోకి రాజు తప్ప మరో ముక్క వెళ్లదు. రాజు దొరికేదాకా ఆ చోటు వృథా. రెండు రంగుల రాజులూ సిద్ధంగా ఉంటే తొందరపడకుండా రాణుల వైపు చూడండి. పెద్ద వరుసను మూసేసి ఆఠీను రాణి కూర్చుని ఉందనుకోండి, ఆమె కదలాలంటే నల్ల రాజు కావాలి. అప్పుడు డైమను రాజును దించితే మీ చేత్తో మీరే తలుపు గడియ పెట్టుకున్నట్టు. రాణి తర్వాత జాకీ, పది ఎక్కడున్నాయో కూడా చూస్తే ఇంకా మంచిది, ఏ రంగు రాజు కింద గొలుసు పొడుగ్గా పెరుగుతుందో తెలుస్తుంది.

ఆసు గడుల మీద ఆత్రం వద్దు. ఆసులు, రెండ్లు వచ్చిన వెంటనే పైకి పంపండి, అందులో ఆలోచించేది లేదు. మూడు నుంచి ఆలోచించాలి. ఎర్ర 5ను పైకి పంపేశారు, ఆ తర్వాత నల్ల 4 ఒకటి బయటపడింది, కూర్చోవడానికి చోటు లేదు. ఇది రోజూ జరిగే ప్రమాదం. ఒక సులువైన లెక్క ఉంది. ఎర్ర 5ను పైకి పంపే ముందు ఇస్పేటు 4, కళావరు 4 రెండూ ఇప్పటికే పైకి వెళ్లాయా అని చూడండి. వెళ్లి ఉంటే ఇక ఆ 5 మీద కూర్చోవలసిన వాళ్లు ఎవరూ లేరు, నిశ్చింతగా పంపండి. వెళ్లకపోతే, దాన్ని పంపడం వల్ల ఇప్పుడే ఏదైనా లాభం ఉందా అని చూసి పంపండి. పైకి వెళ్లిన ముక్కను వెనక్కి దించే వీలు కూడా చాలా ప్రోగ్రాముల్లో ఉంటుంది. కొన్ని పాయింట్లు పోతాయి, పోనివ్వండి. పాయింట్ల కోసం ఆట పోగొట్టుకునేవాళ్లను చాలామందిని చూశాను.

పాయింట్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. గెలుపు ఓటములే లెక్క అయితే క్లోండైక్ మనిషిని ఏడిపిస్తుంది. చాలా ప్రోగ్రాముల్లో వేగాస్ లెక్క అని ఇంకోటి ఉంటుంది. ఆట మొదట్లో 52 డాలర్లు కట్టినట్టు మైనస్ 52తో మొదలవుతుంది, ఆసు గడిలోకి వెళ్లిన ప్రతి ముక్కకూ 5 వస్తాయి. పదకొండు ముక్కలు పంపితే మూడు డాలర్ల లాభం. అసలు డబ్బు ఏమీ ఉండదు, ఉత్త అంకెలే. మూడేసి తిప్పే పద్ధతిలో కట్టను మూడు విడతలే తిప్పనిస్తుంది కాబట్టి ఆట కాస్త కఠినంగా ఉంటుంది. కానీ పూర్తిగా గెలవని ఆటకూ ఒక విలువ ఉంటుంది. మీ నాన్నగారి స్వభావానికి ఇది నప్పవచ్చు, ప్రయత్నించమనండి.

వెనక్కి తీసుకునే మీట, అంటే అన్‌డూ గురించి నా అభిప్రాయం కాస్త కటువుగా ఉంటుంది. క్లోండైక్‌లో బోర్లా ముక్కను తిప్పి చూసి, నచ్చక వెనక్కి తీసుకుంటే అది తొంగిచూడటమే. ఆనందం కోసం ఆడుకునేవాళ్లను నేనెవరిని ఆపడానికి, కానీ దానివల్ల ఆట మెరుగుపడదు. ఓడాక అదే పంపకాన్ని మొదటి నుంచి మళ్లీ ఆడటం మంచి అలవాటు. రెండోసారి ఎక్కడ దారి మళ్లించాలో తెలిసిపోతుంది. ఫ్రీసెల్‌లో మాత్రం అన్‌డూను ఎంతయినా వాడుకోవచ్చు, అక్కడ దాచిందేమీ లేదు కాబట్టి.

ఇక ఫ్రీసెల్‌కు వద్దాం, నాకు ఇష్టమైన చోటు. ఎనిమిది నిలువు వరుసలు, మొదటి నాలుగింటిలో ఏడేసి, తర్వాత నాలుగింటిలో ఆరేసి. 52 ముక్కలూ తెరిచే ఉంటాయి. కట్ట లేదు, అదృష్టం అన్నది పంపకంతోనే సరి. ఏ ముక్కనైనా తాత్కాలికంగా దాచుకోవడానికి నాలుగు విడి గడులు ఉంటాయి, ఒక్కో దాంట్లో ఒక్కటే పడుతుంది. రంగులు మార్చుకుంటూ కిందికి పేర్చడం, ఆసు గడుల్లో ఇస్పేటు, కళావరు లాంటి జాతి వారీగా పైకి పేర్చడం క్లోండైక్ లాగే. ఖాళీ వరుసలోకి మాత్రం ఏ ముక్కయినా వెళ్లవచ్చు.

1978లో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుతున్న పాల్ అల్‌ఫిల్ ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థ మీద దీన్ని రాశాడు. జిమ్ హార్న్ దాన్ని విండోస్‌కు తెచ్చాడు, విండోస్ 95తో ఇంటింటికీ చేరింది. హార్న్ చేసిన గొప్ప పని ఏమిటంటే పంపకాలకు నంబర్లు పెట్టడం. 1 నుంచి 32,000 దాకా. విజయవాడలో 617 ఆడినా వరంగల్‌లో 617 ఆడినా అవే ముక్కలు, అదే వరుస. ప్రతి ఆటా గెలవదగ్గదే అని నమ్ముతున్నారు, నిరూపణ మాత్రం కాలేదు అని ఆ ఆట సహాయ పాఠంలోనే రాసి ఉండేది. ఈ మాటను సవాలుగా తీసుకుని 1994లో డేవ్ రింగ్ అనే ఆయన ఇంటర్నెట్‌లో ఆసక్తి ఉన్నవాళ్లను పోగుచేసి, ఒక్కొక్కరికి వందేసి ఆటలు పంచాడు. వందమందికి పైగా కలిశారు. 1995 ఏప్రిల్‌కు పని పూర్తయింది. 32,000లో ఎవరికీ లొంగనిది ఒక్కటే మిగిలింది, 11982. ఆ తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములు అన్ని దారులూ వెతికి, దానికి నిజంగానే దారి లేదని తేల్చాయి. తర్వాతి విండోస్‌లలో పంపకాలు పది లక్షలకు పెరిగాయి, వాటిలోనూ దారి లేనివి ఎనిమిదే. హార్న్ కొంటెతనంగా −1, −2 అని రెండు అసాధ్యమైన పంపకాలు కూడా పెట్టాడు, నంబరు అడిగిన చోట అవి కొడితే వచ్చేవి.

కాబట్టి ఫ్రీసెల్‌లో ఓడితే, ఆ ఓటమి మనదే. మీ నాన్నగారికి మొదట ఇది మింగుడు పడకపోవచ్చు. కానీ "ఇది కుదరని ఆట" అన్న సాకు పోయాక మనిషి ముక్కల వైపు చూసే చూపే మారుతుంది. మా మేనకోడలికి నేర్పినప్పుడు ఇది కళ్లారా చూశాను. మొదట్లో నాలుగో ఎత్తుకే విడి గడులన్నీ నింపేసి, మౌస్ వదిలేసి కూర్చునేది. ఓడిన ఆటనే మళ్లీ ఆడాలి అని ఒక్క నియమం పెట్టాను. కొద్ది రోజులకు, ఆట తెరిచాక మౌస్ ముట్టుకోకుండా చాలాసేపు తెరనే చూస్తూ ఉండేది. ఆసులు ఎక్కడ, రెండ్లు ఎక్కడ, వాటి మీద ఏమేం కూర్చున్నాయి అని. అది చాలు, మిగతాది దానంతటదే వస్తుంది.

ఒక్క లెక్క మాత్రం నేర్పండి. పేర్చి ఉన్న గొలుసును ఒకేసారి ఎన్ని ముక్కలు కదపవచ్చు అన్నది ఖాళీల మీద ఆధారపడుతుంది. ఖాళీ విడి గడులకు ఒకటి కలపండి. మూడు ఖాళీగా ఉంటే నాలుగు ముక్కలు కదులుతాయి. తోడుగా ఒక నిలువు వరుస ఖాళీగా ఉంటే అది రెట్టింపు, ఎనిమిది. కదిలించేది ఆ ఖాళీ వరుసలోకే అయితే రెట్టింపు ఉండదు, మళ్లీ నాలుగే. దీన్నిబట్టి తెలిసేది, ఒక ఖాళీ వరుస విలువ ఒక విడి గడికంటే చాలా ఎక్కువ. విడి గడులు రెండు నిండాయంటే ఆగి ఆలోచించాలి, మూడు నిండాయంటే వాటిని ఖాళీ చేసే దారి కనిపిస్తేనే తర్వాతి ఎత్తు వేయాలి.

ఇలా నెలో రెండు నెలలో ఆడి మళ్లీ క్లోండైక్‌కు వస్తే తేడా తెలుస్తుంది. చెయ్యి నెమ్మదిస్తుంది. ఖాళీ వరుస విలువ తెలుస్తుంది, పైకి పంపే ముందు ఒక క్షణం ఆగడం అలవాటవుతుంది. అప్పుడు కూడా ఓడితే, నిజంగానే పంపకాన్ని తిట్టవచ్చు, ఆ హక్కు సంపాదించుకున్నట్టే.

స్పైడర్ గురించి మీరు అడగలేదు, కానీ అదే ప్రోగ్రాములో పక్కనే ఉంటుంది కాబట్టి ఎలాగూ తెరుస్తారు. రెండు కట్టలు, 104 ముక్కలు, పది వరుసలు. ఒకే జాతితో ఆడితే తేలిక, కాలక్షేపానికి బాగుంటుంది. నాలుగు జాతులతో ఆడితే క్లోండైక్ కంటే చాలా కఠినం. కొత్త ముక్కలు పంచుకునే ముందు తెర మీద కదపగలిగినవన్నీ కదిపేయాలి, అదొక్కటి గుర్తుంటే చాలు.

ప్రోగ్రాముల సంగతి. విండోస్ 10, 11లో మైక్రోసాఫ్ట్ కలెక్షన్ ఒక్కదానిలోనే క్లోండైక్, స్పైడర్, ఫ్రీసెల్, ట్రైపీక్స్, పిరమిడ్ అయిదూ ఉంటాయి. మధ్యమధ్య ప్రకటనలు వస్తాయి, వద్దనుకుంటే చందా కట్టమంటుంది. కట్టకపోయినా ఆట పూర్తిగా ఆడుకోవచ్చు. ఇంట్లో ఎవరి కంప్యూటర్‌లోనైనా విండోస్ బదులు లినక్స్ ఉంటే కేపేషెన్స్ అనే ఉచిత ప్రోగ్రాము చూడండి. ఆడుతున్నంతసేపూ అది వెనకాల లెక్క వేస్తూ, ఈ ఆట ఇంకా గెలవవచ్చు, ఇక గెలవలేరు అని తెర కింద చెబుతుంది. ఏ ఎత్తు దగ్గర ఆట చేజారిందో అక్కడే తెలిసిపోతుంది. మీ ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు ఇంకొకటి లేదు. ఆయన ఓడిన ప్రతిసారీ మొదటి నుంచే గెలవలేనిదా, మధ్యలో చెడిందా అన్నది కళ్లెదుట ఉంటుంది. రకరకాల ఆటలు కావాలంటే పైసాల్ అని ఇంకోటి ఉంది, వెయ్యికి పైగా ఆటలుంటాయి, అది కూడా ఉచితమే. చూపు తగ్గినవాళ్లకు పెద్ద అంకెలున్న ముక్కల బొమ్మలు ఎంచుకునే వీలు చాలావాటిలో ఉంటుంది, ముందు అది సరిచేసి ఇవ్వండి. ఇస్పేటును కళావరుగా పొరబడి వేసిన ఎత్తులు కూడా ఓటముల్లో కొన్ని ఉంటాయి.

చివరగా ఆ డబ్బు ప్రకటనలు. వాటి జోలికి పోనివ్వకండి. ఇద్దరికీ ఒకే పంపకం ఇచ్చి ఎవరు వేగంగా ఎక్కువ పాయింట్లు తెస్తే వాళ్లకు పందెం సొమ్ము అంటారు. నేను పైన చెప్పిన నిదానం అంతా అక్కడ నష్టమే, గడియారంతో పరుగెత్తే కుర్రవాళ్లతో మీ నాన్నగారు పోటీ పడాలి. అది పక్కన పెట్టినా, తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని నిషేధిస్తూ తమ గేమింగ్ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా చూడకుండా, దేశమంతటా అలాంటి ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధించింది. ఇంకా ప్రకటనలు కనిపిస్తున్నాయంటే అవి ఏ గట్టు నుంచి వస్తున్నాయో ఊహించుకోవచ్చు. ఇప్పటికే అలాంటి యాప్ ఏదైనా దించుకుని బ్యాంకు ఖాతా కలిపి ఉంటే, ముందు బ్యాంకు యాప్‌లోకి వెళ్లి దానికి ఇచ్చిన ఆటో పేమెంట్ అనుమతిని రద్దు చేయండి, ఆ తర్వాత యాప్ తీసేయండి. ఉత్త యాప్ తీసేస్తే ఆ అనుమతి అలాగే ఉండిపోతుంది.